అడగకుండానే వచ్చిన నీళ్ళు

1983 జూన్ నెలలో డిగ్రీలో చేర్పించడానికి మా నాయన నన్ను వెంటబెట్టుకుని మొదటిసారి హైదరాబాదు తీసుకొచ్చాడు. మాల్ మీదుగా వచ్చే బస్సు గౌలిగూడ బస్టాండులో, ఆ పెద్ద రేకుల గుమ్మటం కింద మమ్మల్ని దించేసరికి పొద్దు నడినెత్తికి వచ్చింది. అక్కడి నుంచి కోఠి మహిళా కళాశాలకు నడిచే వెళ్ళాము. దరఖాస్తు తీసుకుని, నింపి, వరుసలో నిలబడి ఇచ్చి బయటికి వచ్చేసరికి ఇద్దరికీ నాలుక పిడచకట్టుకుపోయింది. పొద్దున ఊళ్ళో తిన్న సద్ది తప్ప కడుపులో ఏమీ లేదు. చౌరస్తా దగ్గర ఒక ఇరానీ హోటల్ కనిపిస్తే, ఆడపిల్లతో లోపలికి పోవచ్చో లేదో అని మా నాయన గుమ్మంలో ఒక్క క్షణం తటపటాయించాడు. గల్లాపెట్టె దగ్గర కూర్చున్న పెద్దాయన చేత్తో లోపలి వైపు చూపించాడు. అక్కడ పరదా కట్టిన చిన్న గది ఉంది.

మేము ఇంకా సరిగా కూర్చోనైనా లేదు. నా ఈడు పిల్లవాడొకడు ఒక్క చేత్తోనే నాలుగు గాజు గ్లాసులు పట్టుకొచ్చి పాలరాతి బల్ల మీద ఠక్కుమని పెట్టాడు. నీళ్ళు కొంచెం తొణికి రాయి మీద చిన్న మడుగు కట్టాయి. అప్పుడు భుజం మీది గుడ్డతో ఆ మడుగు తుడుస్తూ, ‘‘క్యా హోనా సాబ్?’’ అని అడిగాడు. మా నాయన వెంటనే జవాబు చెప్పలేదు. గ్లాసు ఎత్తి, పెదవులకు తగలకుండా, ఆగకుండా నోట్లో పోసుకున్నాడు. గుటక గుటకకూ ఆయన గొంతుముడి పైకీ కిందికీ కదలడం నేను చూస్తూ కూర్చున్నాను. రెండో గ్లాసు నా ముందుకు జరిపి, ‘‘కడుపునిండ తాగు బిడ్డా. గండిపేట నీళ్ళు. దీంట్ల ఫ్లోరైడ్ లేదు’’ అన్నాడు.

ఆ మాట విలువ తెలియాలంటే మా ఊరి సంగతి చెప్పాలి. మాది నల్లగొండ జిల్లా మర్రిగూడ వైపు ఒక పల్లె. తాగునీటిలో ఫ్లోరైడ్ లీటరుకు ఒకటిన్నర మిల్లీగ్రాములు దాటితే హాని అని తర్వాత నేనే కళాశాలలో పిల్లలకు పాఠం చెప్పాను గానీ, అప్పటికి మాకు తెలిసింది కొలతలు కాదు, మనుషులు. పళ్ళ మీద గోధుమరంగు గారలు లేని పిల్లలు మా బడిలో తక్కువ. నలభై ఏళ్ళకే నడుము వంగి, మెడ తిప్పలేక, ఎవరైనా పిలిస్తే ఒళ్ళంతా తిప్పి చూసే మనుషులు ప్రతి వాడలోనూ ఉండేవారు. కాళ్ళు విల్లులా వంగిపోయిన మా మేనత్త కొడుకును మా నాయన రోజూ భుజాన ఎత్తుకుని బడికి తెచ్చేవాడు. ఆయన ఆ బడిలోనే పంతులు. నీటిలో పటిక, సున్నం కలిపి ఫ్లోరైడును తగ్గించే పద్ధతికి మా జిల్లా పేరే పెట్టి ‘నల్లగొండ టెక్నిక్’ అని దేశమంతా పిలుస్తారు. పేరైతే వచ్చింది గానీ మా ఊరికి మంచినీళ్ళు వచ్చింది చాలా ఏళ్ళ తర్వాతనే. అటువంటి ఊరి నుంచి వచ్చిన మనిషికి, అడగకుండానే, డబ్బు మాట లేకుండానే, నాలుగు గ్లాసుల మంచినీళ్ళు ఎదురుగా వచ్చి నిలవడం ఎంత పెద్ద సంగతో ఇప్పటి పిల్లలకు చెప్పినా ఎక్కదు.

ఆ రోజు మేము రెండు చాయ్‌లు, ఒక ప్లేటు ఉస్మానియా బిస్కెట్లు మాత్రమే తీసుకున్నాము. పిల్లవాడు మళ్ళీ రెండుసార్లు గ్లాసులు నింపి తెచ్చాడు. రెండు చాయ్‌ల గిరాకీకి పన్నెండు గ్లాసుల నీళ్ళు. ఎవరూ మమ్మల్ని వింతగా చూడలేదు.

గండిపేట చెరువు కథ మా నాయనకు నోటికి వచ్చు. 1908 సెప్టెంబరులో మూసీ పొంగి నగరాన్ని ముంచెత్తి వేలమందిని పొట్టన పెట్టుకున్న తర్వాత, మోక్షగుండం విశ్వేశ్వరయ్యను పిలిపించి సలహా అడగడమూ, ఆ సలహా ఫలితంగా మూసీ మీద 1920లో ఉస్మాన్ సాగర్ అనే ఈ గండిపేట చెరువు, మూసీ ఉపనది ఈసీ మీద 1927లో హిమాయత్ సాగర్ పూర్తి కావడమూ ఆయన నాకు ఆ బల్ల దగ్గరే చెప్పాడు. వరదను ఆపడానికి కట్టిన కట్టే ఊరి దప్పిక తీర్చిందని ఆయనకు అపురూపంగా ఉండేది. గండిపేట నీళ్ళు తాగినవాడు ఈ ఊరు విడిచిపోలేడని ఇక్కడివారు అనే మాట నా విషయంలో అక్షరాలా నిజమైంది. నలభై రెండేళ్ళుగా ఇక్కడే ఉన్నాను. మంజీర నీళ్ళు, తర్వాత కృష్ణా నీళ్ళు, ఆ తర్వాత ఎల్లంపల్లి నుంచి గోదావరి నీళ్ళు కూడా తాగాను.

అప్పటి హైదరాబాదులో నీళ్ళు పెట్టడం హోటళ్ళ ఒక్కటే పని కాదు. ఎండాకాలం రాగానే కోఠి, సుల్తాన్ బజార్, ఆబిడ్స్ వీధుల్లో తాటాకు పందిళ్ళు లేచేవి. తెలుగువాళ్ళు చలివేంద్రం అనేవారు, పాతబస్తీ వాళ్ళు ఆబ్‌దార్‌ఖానా అనేవారు, మార్వాడీ సేట్లు ప్యావు అనేవారు. ఇసుక మీద రంజన్లనే మట్టికుండలు పెట్టి, వాటికి తడి గోనెపట్టా చుట్టి, కొన్నిచోట్ల లోపల వట్టివేళ్ళు కూడా వేసేవారు. మొహర్రం నెలలో పాతబస్తీలో దప్పికతో ప్రాణం విడిచిన వారి పేరిట సబీళ్ళు పెట్టి, దారిన పోయే ప్రతివారికీ, ఏ కులమనీ ఏ మతమనీ అడగకుండా నీళ్ళూ షర్బతూ పోసేవారు, ఇప్పటికీ పోస్తున్నారు. హోటలువాడు గ్లాసు పెట్టడం కూడా ఆ వరుసలోనిదే. నీళ్ళు అమ్మేవాడు ఉంటాడన్న ఊహ మాకు రాకపోవడానికి కారణం మేము అమాయకులం కావడం కాదు, ఊరు అలా ఉండడం.

అయితే ఆ రోజులన్నీ బంగారమని నేను చెప్పను. ఆ పిల్లవాడి నాలుగు వేళ్ళూ నాలుగు గ్లాసుల్లో మునిగే ఉన్నాయి. కళాశాలలో నా మొదటి సంవత్సరంలోనే మా హాస్టలు గదిలో ఇద్దరికి పచ్చకామెర్లు వచ్చాయి. ఒకరికి టైఫాయిడ్ వచ్చి పరీక్షలు పోయాయి. బయట తాగిన నీళ్ళ వల్లనే అని వార్డెనమ్మ మమ్మల్ని అందరినీ నిలబెట్టి తిట్టింది. 1980ల నడుమ వానలు ముఖం చాటేసినప్పుడు నల్లా రోజు విడిచి రోజు వచ్చేది. అప్పుడు హోటళ్ళు ఎక్కడి నుంచి తెచ్చి పెట్టాయో, ఏ డ్రమ్ములో ఎన్నాళ్ళు నిలవ ఉంచాయో ఎవరు చూశారు? రసాయన శాస్త్రం చదువుకున్నదాన్ని గనుక గాజు గ్లాసులో తేటగా కనిపించినంత మాత్రాన నీళ్ళు మంచివి కావని నాకు తెలుసు. సీసా నీళ్ళు వచ్చినప్పుడు జనం వాటి వైపు మొగ్గడానికి ఆ భయమే కారణం. ఆ భయం అబద్ధం కాదు.

సీసా నీళ్ళు మన దేశానికి 1960లలోనే బొంబాయికి వచ్చినా, మా వంటి వాళ్ళ కంటికి అవి కనిపించింది 1990లలోనే. మొదట అవి విదేశీయులు తాగేవి. తర్వాత పెళ్ళిళ్ళలో మగపెళ్ళివారి బల్ల మీదికి, ఆ తర్వాత రైలు ప్రయాణాల్లోకి, చంటిపిల్లలున్న ఇళ్ళలోకి వచ్చాయి. 2001లో వాటికి ఐఎస్‌ఐ గుర్తు తప్పనిసరి చేశారు. మా అబ్బాయి పుట్టినప్పుడు నేనూ కొన్నాను. కొనడం తప్పని నాకెప్పుడూ అనిపించలేదు. కావాలన్నవారు కొనుక్కుంటారు. కానీ హోటల్ బల్ల దగ్గర ‘‘మినరలా, నార్మలా?’’ అన్న ప్రశ్న ఏ రోజున మొదలైందో నాకు గుర్తు లేదు. ఆ ప్రశ్న అడిగే గొంతు మాత్రం గుర్తుంది. మొదటి మాట మీద ఊనిక, రెండో మాట దగ్గర కొంచెం జాలి. నార్మల్ అని చెప్పడానికి పక్క బల్లల వైపు చూసుకోవలసిన రోజులు అప్పుడే వచ్చాయి. నా దృష్టిలో పోయింది ఇరవై రూపాయలో నలభై రూపాయలో కాదు. దప్పికైన మనిషి నీళ్ళడగడానికి సిగ్గుపడేటట్టు చేయడం, అదీ ఈ ఊళ్ళో, నాకు ఇప్పటికీ మింగుడు పడదు.

2016లో మా అబ్బాయికి ఉద్యోగం వచ్చింది. మొదటి జీతంతో తాతకు మంచి భోజనం పెట్టించాలని గచ్చిబౌలి వైపు ఒక పెద్ద రెస్టారెంటుకు మమ్మల్నందరినీ తీసుకువెళ్ళాడు. ఏడుగురం. మా నాయనకు అప్పటికి డెబ్బై ఎనిమిదేళ్ళు. కుర్చీలు లాక్కుని కూర్చునే లోపలే ఒకతను ఏడు సీసాలు తెచ్చి, ఎవరినీ అడగకుండా, ఒక్కొక్క మూతే టకటకా తిప్పి విప్పేశాడు. ఇంతకాలం తర్వాత మళ్ళీ అడగకుండానే నీళ్ళు వచ్చాయని మా నాయన ముఖం విప్పారింది. నేను మెల్లగా, ‘‘బాబూ, మాకు మామూలు నీళ్ళు చాలు, ఇవి తీసుకుపో’’ అన్నాను. ‘‘రెగ్యులర్ వాటర్ సర్వ్ చేయం మేడమ్. మూతలు కూడా తీసేశాను’’ అన్నాడు. మా అబ్బాయి బల్ల కింద నుంచి నా చెయ్యి నొక్కి, ‘‘పోనీలే అమ్మా’’ అన్నాడు. వాడి చెవులు ఎర్రబడ్డాయి. నేను నోరు మూసుకున్నాను.

మా నాయనకు విషయం అర్థమైంది. ఆయన ఏమీ అనలేదు. కాసేపటికి చెయ్యి కడుక్కుని వస్తానని లేచి వెళ్ళి పది నిమిషాలైనా రాలేదు. పెద్దవయసు, కొత్త చోటు, ఎక్కడైనా జారిపడ్డాడేమోనని నేను వెతుక్కుంటూ వెళ్ళాను. వంటగది తలుపు పక్కన, వడ్డించే పిల్లల మధ్య నిలబడి ఉన్నాడు. అక్కడ నీలిరంగు ఇరవై లీటర్ల క్యాను ఒకటి బోర్లించి ఉంది. ఒక పిల్లవాడు రెండు చేతులతో స్టీలు గ్లాసు అందిస్తే మా నాయన, 1983లో తాగినట్టే, ఎత్తి పోసుకుని తాగుతున్నాడు. నన్ను చూసి, ‘‘ఈ పిల్లలు తాగే నీళ్ళు బాగనే ఉన్నై బిడ్డా’’ అన్నాడు.

అప్పటి నుంచీ నా వాదన అంతా ఆ క్యాను దగ్గరే ఉంది. రోజంతా పని చేసే మనుషులు తాగుతున్న నీళ్ళు, మన పప్పు ఉడికిన నీళ్ళు, మన బియ్యం కడిగిన నీళ్ళు ఆ గోడకు అవతల ఉండగా, గోడకు ఇవతల తాగడానికి నీళ్ళే లేవని ఎలా అంటారు? తాగడానికి పనికిరాని నీళ్ళతో వండారంటే ఆ భోజనం తినకూడదు. పనికి వచ్చే నీళ్ళే అయితే ఒక గ్లాసు పెట్టడానికి అడ్డమేమిటి? ఆ రోజు బిల్లులో ఏడు సీసాలకూ సీసా మీద అచ్చువేసిన ధరకు రెండింతలకు పైగా పడింది. సగానికి సగం నీళ్ళు అలాగే మిగిలాయి. మా నాయన ఆ సీసాలకు మూతలు బిగించి, అన్నీ గుడ్డసంచిలో వేసుకుని ఇంటికి తెచ్చి, రెండు రోజులు వాటినే తాగాడు. నీళ్ళు పారబోయడం ఆయనకు చేతకాని పని.

ఆ తర్వాతి సంవత్సరం, 2017 డిసెంబరులో, హోటళ్ళూ రెస్టారెంట్లూ సీసా నీళ్ళను ముద్రించిన ధర కన్నా ఎక్కువకు అమ్మవచ్చునని సుప్రీంకోర్టు తీర్పు వచ్చింది. అక్కడ జరిగేది వట్టి అమ్మకం కాదు, కూర్చునే చోటు, వడ్డన, పరిసరాలు కూడా అందులో కలిసి ఉంటాయి గనుక తూనికలు కొలతల చట్టంలోని ధర నిబంధన అక్కడ వర్తించదని దాని సారం. పేపరులో చదివి మా అబ్బాయి, ‘‘చూశావా అమ్మా, వాళ్ళదే న్యాయం’’ అన్నాడు. ఆ తీర్పు సీసా ధర గురించినది, మామూలు నీళ్ళు ఇవ్వనక్కరలేదని అందులో లేదని నేను వాడితో వాదించాను. తర్వాత మన హైదరాబాదులోనే ఒకాయన, మామూలు నీళ్ళు అడిగినా ఇవ్వకుండా తమ పేరు వేసుకున్న అర లీటరు సీసాను 50 రూపాయలకు అంటగట్టారని ఒక రెస్టారెంటు మీద వినియోగదారుల కమిషనుకు వెళ్ళి, 5,000 రూపాయల పరిహారం తెచ్చుకున్నాడు. ఆయన ఎవరో నాకు తెలియదు గానీ, ఆ రోజు నేను నోరు మూసుకున్న చోట ఆయన నోరు విప్పినందుకు మనసులోనే దండం పెట్టుకున్నాను. అప్పటికి మా నాయన లేడు. 2019లో పోయాడు.

హోటలువాళ్ళ వైపు మాట వినకుండా రాయడం న్యాయం కాదు. చిక్కడపల్లిలో ముప్పై ఏళ్ళుగా టిఫిన్ హోటల్ నడుపుతున్న పెద్దాయన ఒకరు నాకు బాగా తెలుసు. ఆయన కూతురు నా దగ్గర చదువుకుంది. ఆయన లెక్క నాకు విప్పి చెప్పాడు. నీళ్ళు ఊరికే రావు. నల్లా నీళ్ళు చాలకపోతే ట్యాంకరు తెప్పించాలి. ఆర్‌ఓ యంత్రం పెట్టాలి, దాని ఫిల్టర్లూ మెంబ్రేనూ వేళకు మార్చాలి. ఆ యంత్రం ఒక లీటరు మంచినీళ్ళు ఇచ్చేటప్పుడు అంతకు అంత, ఒక్కోసారి అంతకు రెండింతలు బయటికి వదిలేస్తుంది. ఆ వదిలిన నీళ్ళను ఆయన గిన్నెలు కడగడానికీ నేల తుడవడానికీ పట్టి ఉంచుతాడు. గ్లాసులు వేడినీళ్ళలో కడగడానికి ఒక మనిషి. ‘‘ఇదంతా ఇడ్లీ ధరలోనే ఉన్నది మేడం. కరెంటు, కిరాయి, అల్లం చట్నీ ఎట్లున్నయో నీళ్ళు అట్లనే ఉన్నయి. చట్నీకి వేరే బిల్లు వేస్తనా?’’ అన్నాడు.

ఆయన బాధ వేరే. ‘‘నేను పెట్టిన గ్లాసును చాలామంది పక్కకు జరుపుతున్నరు. సీసా ఉన్నదా అని అడుగుతున్నరు. ఆ జరిపినప్పుడు నాకు చెంపదెబ్బ కొట్టినట్టు ఉంటది’’ అన్నాడు. నేను ఆ మాట ముందు చాలాసేపు ఏమీ అనలేకపోయాను, ఎందుకంటే మా ఇంట్లోనూ అలా జరిపే చేతులు ఉన్నాయి. గోడ మీద టీడీఎస్ అంకె రాసి పెడితే నమ్ముతారా అని అడిగాడు. టీడీఎస్ అంటే నీటిలో కరిగిన లవణాల లెక్కే గానీ, క్రిముల సంగతి అది చెప్పదని నేను వివరించాను. మూడు నెలలకొకసారి నీళ్ళు పరీక్షశాలకు పంపి, క్రిముల పరీక్ష కాగితాన్ని తేదీతో సహా గల్లాపెట్టె వెనుక అతికించమన్నాను. మొదటి కాగితం వచ్చిన రోజు ఆయన నాకు ఫోన్ చేసి చదివి వినిపించాడు. ఇప్పుడు గ్లాసు పక్కకు జరిపేవాళ్ళు ముందుకన్నా తగ్గారని ఆయన అంటాడు. ఎవరైనా జరిపితే సర్వర్ ఆ కాగితం వైపు వేలు చూపిస్తాడు. అయినా సీసానే కావాలంటే అచ్చువేసిన ధరకే ఇస్తాడు.

పెద్ద రెస్టారెంట్లు ఇంతకన్నా బాగా చేయగలవు. వాళ్ళ దగ్గర యంత్రాలూ ఉన్నాయి, మనుషులూ ఉన్నారు. సీసా అమ్ముకోనీ, ఎంతకైనా అమ్ముకోనీ, కాదనను. కానీ మనిషి కూర్చోగానే శుభ్రమైన నీళ్ళు ఒక గ్లాసు, ప్రశ్న లేకుండా, బిల్లు లేకుండా బల్ల మీదికి రావాలి. సీసా కావాలన్నవారు అడగాలి. ఇప్పుడు సిగ్గుపడి అడగవలసి వస్తున్నది మామూలు నీళ్ళు తాగేవారు. ఆ వరుస తిరగబడాలని నేను కోరుకుంటున్నాను.

ఇటీవలే ఉద్యోగ విరమణ చేశాను గనుక ఆ చిక్కడపల్లి హోటల్లో పొద్దున పూట కూర్చునే తీరిక దొరికింది. మొన్న ఎండాకాలం ఆయన గుమ్మం బయట, మెట్ల పక్కన ఒక బల్ల వేసి, దాని మీద నల్లా బిగించిన రంజన్ పెట్టాడు. అడ్డా మీద పనికోసం నిలబడే కూలీలు, ఇళ్ళకు భోజనం మోసే పిల్లలు, ఆటోవాళ్ళు ఆగి తాగిపోయేవారు. వాళ్ళలో ఒక్కరూ లోపలికి వచ్చి టిఫిన్ తినకపోయినా ఆయన ఏమీ అనుకోలేదు. మే నెలలో ఆ ఒక్క రంజన్‌ను పూటకు మూడుసార్లు నింపవలసి వచ్చేదట. నిండే లోపల వచ్చినవారు ఊరికే తిరిగిపోతున్నారని వచ్చే ఎండాకాలానికి రెండోది కొనాలనుకుంటున్నాడు. కొత్తగా వస్తున్నవి పలచగా ఉండి పగులుతున్నాయనీ, పాతకాలం నాటి మందం రంజన్లు ఎక్కడ దొరుకుతాయో కనుక్కోమనీ నాకు పని చెప్పాడు. మా ఊరి కుమ్మరి మనుమడికి ఫోన్ చేశాను. ఆవం మాఘమాసంలో పెడతాడట, ఒకటి ఆపి ఉంచుతానన్నాడు.